మిగతా 130 రోజులు

మనల్ని చూడ్డానికి ఈ దేశం వచ్చే అమ్మానాన్నలకి, అత్తమామలకి ఒక్కసారికి ఉండనిచ్చేది ఆరు నెలలు. రోజుల్లో చెప్తే 182. అందులో శనాదివారాలు 52. ఆ 52లో నాలుగైదు వానకి పోతాయి. ఇంకో పది పిల్లల ఈత క్లాసులకీ, పుట్టినరోజు పార్టీలకీ, ఎవరింట్లోనో వ్రతానికీ పోతాయి. మిగిలినవాటిలో టవర్ బ్రిడ్జి, విండ్సర్ కోట, బర్మింగ్‌హామ్ దగ్గరి బాలాజీ గుడి చూపించి, ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసి, అమ్మయ్య అనుకుంటాం. మరి మిగతా 130 రోజులు?

ఆ 130 రోజులూ మనం ఆఫీసులో, పిల్లలు బళ్ళో. పెద్దవాళ్ళు కిటికీ దగ్గర. పొద్దున్నే టీ, యూట్యూబులో ప్రవచనం, పన్నెండింటికి వంట, మూడున్నరకి పిల్లల కోసం ఎదురుచూపు. "బాగానే ఉందమ్మా, నాకేం తోచకపోవడం లేదు" అంటారు. తోచకపోవడం లేదు అని ఎవరూ అడక్కుండానే చెప్తున్నారంటే ఏమిటో మనకి తెలుసు.

ఏటా ఏప్రిల్, మే వచ్చేసరికి ఈ కాలమ్‌కి ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. లండన్ చూపించాలి, ఏ పాస్ కొనాలి, టూరిస్టు బస్సు మంచిదా, టాక్సీ మాట్లాడుకోవాలా అని. ఆ 52 రోజుల సంగతి మీరు చూసుకోగలరు. నేను ఈసారి 130 రోజుల గురించి రాస్తాను. అంటే మనం వెంట లేకుండా వాళ్ళు ఇల్లు కదలడానికి ఈ ఊళ్ళో ఏమేం ఉన్నాయో. అమెరికా సబర్బుల్లో, గల్ఫ్ ఎండల్లో ఉన్న చెల్లెళ్ళు కాస్త కుళ్ళుకుంటారేమో, క్షమించాలి. లండన్‌లో ఇల్లు చిన్నది, ఆకాశం బూడిద రంగు, అద్దె ఆకాశం కంటే ఎత్తు. కానీ వీధి చివర బస్సు ఉంటుంది.

మా అత్తయ్యగారు 2025 ఏప్రిల్‌లో అమలాపురం నుంచి వచ్చారు. 68 ఏళ్ళు. మావయ్యగారు పోయాక ఒక్కరే రావడం అదే మొదటిసారి. ఆవిడ అక్కడ ఆర్టీసీ బస్సెక్కి, రాజమండ్రి వెళ్ళి, కళ్ళ డాక్టరుకి చూపించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చి పాలు తోడుపెట్టే మనిషి. ఇక్కడికొచ్చిన పదో రోజున "కూరగాయల కొట్టు ఎంత దూరమే అమ్మాయ్?" అన్నారు. మైలు పైనే అత్తయ్యగారూ అన్నాను. "సర్లే, అయితే ఆదివారం దాకా ఆగుదాం" అన్నారు. దొండకాయల కోసం ఆదివారం దాకా ఆగే మనిషి కాదావిడ. ఆ మాట నాకు నచ్చలేదు. మర్నాడు సాయంత్రం స్టేషన్ నుంచి వస్తూ ఒక ఆయిస్టర్ కార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

బ్యాంకు కార్డు ఉన్నవాళ్ళకి ఆయిస్టర్ అక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ చాలు, ధర కూడా ఒకటే. కానీ అత్తయ్యగారి ఇండియా కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేయాలి, బ్యాంకు తన వంతు కోత వేసుకుంటుంది, పైగా పోతే గొడవ. ఇంకో సంగతి. ఒకే కార్డు మీద ఇద్దరు ఎక్కడం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. మన ఇళ్ళలో నాన్నగారి జేబులో రెండు కార్డులూ ఉంటాయి, అమ్మ వెనకాల నిలబడి ఉంటుంది, ఆయన రెండుసార్లు ఆనిస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. అమ్మ కార్డు అమ్మ చేతిసంచీలో ఉండాలి. ఆయిస్టర్‌లో వేసిన డబ్బుకి గడువు ఉండదు. పది పౌండ్లు వేసి ఇస్తే, అయిపోతుంటే వీధి కొట్లో కూడా మళ్ళీ వేయించుకోవచ్చు. కార్డులో చార్జీకి సరిపడా లేకపోయినా, ఏదో కాస్త ఉంటే, ఒక్కసారికి బస్సు ఎక్కనిస్తుంది. ఆ తరవాత వేసినప్పుడు పట్టుకుంటుంది. ఇంటికి చేరడానికి ఆ ఒక్కసారి చాలు.

బస్సుతోనే మొదలుపెట్టండి. ట్యూబ్ జోలికి మొదటి నెల వెళ్ళకండి. బస్సులో మెట్లు లేవు, కిటికీలోంచి ఊరు కనిపిస్తుంది, తప్పు స్టాపులో దిగినా నేల మీదే ఉంటారు. 2025లో చార్జీ ఒక్కసారికి 1.75 పౌండ్లు, ఎంత దూరమైనా అంతే. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ పడదు. రోజంతా తిరిగినా బస్సుల మీద 5.25 పౌండ్లు దాటదు. డ్రైవరు డబ్బులు తీసుకోడు, 2014 నుంచే ఆపేశారు. ఎక్కేటప్పుడు కార్డు ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. ట్యూబులోనూ రైల్లోనూ అలా కాదు, లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ రెండుసార్లు ఆనించాలి, మర్చిపోతే ఉన్నవాటిలో ఎక్కువ చార్జీ లాగేస్తుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే రోజు చెప్తే ఎవరికైనా గందరగోళమే. అందుకే మొదటి నెల బస్సే.

"ఇక్కడ ఆడవాళ్ళకి ఫ్రీ కాదా?" అన్నారు అత్తయ్యగారు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఫ్రీ అని విన్నారు కాబట్టి. కాదన్నాను. ఆగస్టు 15న ఆంధ్రాలో కూడా స్త్రీశక్తి పథకం మొదలైందని వాళ్ళ చెల్లెలు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ ఆవిడ ప్రతి 1.75నీ రూపాయల్లోకి మార్చి, నిట్టూర్చి మరీ ఆనించేవారు. ఇక్కడ 60 దాటినవాళ్ళకి ఉచిత ప్రయాణం ఉంది కానీ అది లండన్‌లో నివాసం ఉండేవాళ్ళకి. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇవ్వరు. కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళి అడిగి భంగపడక్కర్లేదు.

ఇక అసలు భయం. ఇంగ్లీషు రాదు, తప్పిపోతే?

ఇది నన్ను చాలామంది అడిగారు. అడిగేది మనం. వాళ్ళు అడగరు, ఎందుకంటే మనం ఏనాడూ పంపిస్తామని అనలేదు. నేను చేసింది ఇది. మొదటిరోజు ఇద్దరం కలిసి వెళ్ళాం. హౌన్‌స్లో హై స్ట్రీట్ దాకా నాలుగు స్టాపులు. రెండోసారి ఆవిడ ముందు, నేను వెనక సీట్లో, నోరు విప్పకుండా. అది చాలా కష్టం, చెప్తున్నాను. దిగాల్సిన స్టాపు ముందు ఎర్ర బటన్ నొక్కుతారా లేదా అని నా చెయ్యి దురద పెట్టింది. ఆవిడ నొక్కారు. మూడోసారి ఒక్కరే.

చేతిసంచీలో ఒక అట్టముక్క పెట్టాను. ఒక వైపు మన స్టాపు పేరు తెలుగులో, కింద ఇంగ్లీషులో, దాని అక్షరం, బస్సు నంబరు, నా ఫోను నంబరు. అక్షరం సంగతి కొత్తవాళ్ళకి తెలీదు. ఇక్కడ ఒకే పేరుతో రోడ్డుకి అటూ ఇటూ నాలుగైదు స్టాపులు ఉంటాయి, ఒక్కోదానికి గుండ్రంగా పైన ఒక అక్షరం ఉంటుంది. వెళ్ళేటప్పుడు దిగిన చోటే వచ్చేటప్పుడు ఎక్కకూడదు, రోడ్డు దాటాలి. మనలాగే ఎడమ పక్క బళ్ళు నడిచే దేశం కాబట్టి ఈ ముక్క మనవాళ్ళకి సులువుగా ఎక్కుతుంది. బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి, చాపకపోతే ఒక్కోసారి ఆగకుండా పోతుంది. ఎక్కగానే కూర్చోవాలి, మనం కూర్చునే దాకా బస్సు ఆగుతుందన్న నమ్మకం లేదు. వచ్చే స్టాపు పేరు మైకులో చెప్తారు, ముందు పలక మీద కూడా పడుతుంది. అప్పుడప్పుడు దారి మధ్యలోనే బస్సు ఇక్కడితో ఆఖరు అని దింపేస్తారు. అందరూ దిగితే మనమూ దిగడమే, అదే నంబరు బస్సు వెనకాల ఇంకోటి వస్తుంది, గంటలోపే కాబట్టి డబ్బు పడదు. ఇది ముందే చెప్పి ఉంచితే కంగారు పడరు. ఫోను మాత్రం రోడ్డు మీద చేతిలో పట్టుకుని నిలబడొద్దని గట్టిగా చెప్పండి, సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోతున్నారు. అట్టముక్కని ఎవరూ లాక్కుపోరు.

మోకాళ్ళ గురించీ, బాత్రూముల గురించీ ఎవరూ రాయరు. మన అమ్మలు బయటికి రాకపోవడానికి సగం కారణం ఇవే. బయటికి వెళ్ళాలంటే పొద్దుట్నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మీ ఇంట్లోనూ గమనించే ఉంటారు. సరే, లెక్క ఇది. బస్సుల్లో ఉండదు, ట్యూబు రైళ్ళలో ఉండదు, ఎలిజబెత్ లైను రైళ్ళలో కూడా ఉండదు. దూరం పోయే రైళ్ళలో చాలావాటిలో ఉంటుంది. పాడింగ్టన్, వాటర్లూ, విక్టోరియా, యూస్టన్, కింగ్స్ క్రాస్, లండన్ బ్రిడ్జి లాంటి పెద్ద స్టేషన్లలో 2019 నుంచి డబ్బు తీసుకోవడం లేదు, శుభ్రంగానే ఉంటాయి. పెద్ద మ్యూజియాలకి ప్రవేశం ఉచితం, లోపల అన్నీ ఉంటాయి. ఊళ్ళో లైబ్రరీ చాలాచోట్ల ఆదుకుంటుంది. అట్టముక్కకి రెండో వైపు నేను రాసింది ఇదే, ఆ దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో. ఆ వైపే ఎక్కువ పనికొచ్చిందన్నారు అత్తయ్యగారు.

మెట్ల సంగతికొస్తే, ట్యూబ్‌లో పాత స్టేషన్లు చాలావాటిలో లిఫ్టు లేదు. ట్యూబ్ మ్యాపులో చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న స్టేషన్లే చూసుకోండి. 2022 మేలో వచ్చిన ఎలిజబెత్ లైనులో మాత్రం అన్ని స్టేషన్లలోనూ వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా మెట్లు లేకుండా వెళ్ళొచ్చు. చల్లగా, వెడల్పుగా ఉంటుంది, పెద్దవాళ్ళకి నేను ముందు చెప్పేది అదే. ఇక మా హౌన్‌స్లో వైపు వాళ్ళకి ఒక చిట్కా. ఈస్ట్ హామ్ వెళ్ళి మహాలక్ష్మి గుడి చూసి, హై స్ట్రీట్ నార్త్‌లో తమలపాకులు కొనుక్కుని, దోసె తిని రావాలంటే పికడిల్లీ లైనులో హామర్‌స్మిత్ దాకా వెళ్ళి, అదే ప్లాట్‌ఫారంకి ఎదురు పక్క వచ్చే డిస్ట్రిక్ట్ లైను రైలెక్కడమే. ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. అప్‌మిన్‌స్టర్ వైపు వెళ్ళే రైలు చూసి ఎక్కాలి. గంటంబావు పైన పడుతుంది కానీ కూర్చుని వెళ్తారు. నిలబడాల్సి వస్తే, 'దయచేసి నాకు సీటు ఇవ్వండి' అని రాసి ఉన్న నీలం బ్యాడ్జి ఒకటి ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వాళ్ళు ఊరికే ఇస్తారు, వెబ్‌సైటులో అడిగితే ఇంటికి పంపుతారు. మా అత్తయ్యగారు ఒక్కరోజు పెట్టుకుని తీసేశారు. "నేనేమైనా ముసలిదాన్నా?" అని.

ఇప్పుడు డార్కింగ్ సంగతి.

సర్ ఆర్థర్ కాటన్ సమాధి లండన్‌కి దక్షిణాన డార్కింగ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1899లో అక్కడే పోయారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన మనిషి. గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పేదేముంది. మా అత్తయ్యగారి పుట్టింట్లో, కాలువ కింద రెండెకరాలు చేసుకున్న వాళ్ళ నాన్నగారు, దేవుడి పటాల వరసలోనే కాటన్ దొర పటం పెట్టుకున్నారట. ఆ సమాధి ఇక్కడికి దగ్గరే అని మా ఆయన మాటల్లో అన్నాడు. ఆవిడ కళ్ళు విప్పార్చి చూశారు. "ఆదివారం కారులో వెళ్దాం అమ్మా, ముప్పావుగంట" అన్నాడు. ఆ ఆదివారం వాన. తరవాతిది స్నేహితుల గృహప్రవేశం. ఆ తరవాతిది పిల్లకి జ్వరం. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆదివారాలంటే అంతే. ఆగస్టు అయిపోయింది. అక్టోబరులో ఆవిడ టికెట్టు.

రెండు వీధుల అవతల ఇంకొక అమ్మగారు ఉండేవారు, తెనాలి నుంచి కూతురింటికి వచ్చారు. బస్సు స్టాపులో పరిచయం. ఇద్దరూ వదినగారూ, వదినగారూ అనుకునేవారు. కృష్ణా డెల్టా వాళ్ళకి కూడా కాటన్ దొర దొరేనని ఆవిడ పట్టుబట్టారు, బెజవాడ ఆనకట్టలో ఆయన చెయ్యి ఉంది కదా అని. ఒక సాయంత్రం అత్తయ్యగారు నా దగ్గరికొచ్చి "అమ్మాయ్, ఆ ఊరికి బస్సు ఉందా?" అన్నారు.

ఉంది. మా హౌన్‌స్లో నుంచి 111 నంబరు బస్సు హాంప్టన్ కోర్ట్ రాజభవనం పక్కనుంచి కింగ్‌స్టన్ వెళ్తుంది. కింగ్‌స్టన్‌లో 465 ఎక్కితే, లండన్ దాటి, లెదర్‌హెడ్ మీదుగా, బాక్స్ హిల్ కొండ కింది నుంచి డార్కింగ్ దాకా. ఊరు దాటిపోయినా అది లండన్ ఎర్ర బస్సే, చార్జీ అదే 1.75. పోనూ రానూ నాలుగు బస్సులెక్కినా రోజు గరిష్ఠం 5.25 దాటదు. కారులో ముప్పావుగంట దారి బస్సుల్లో ఒక్కో వైపు రెండు గంటల పైన. వాటర్లూ నుంచి గానీ విక్టోరియా నుంచి గానీ నేరుగా రైలుంది, గంటలోపే. కానీ మా నుంచి వాటర్లూ పోయి రావడమే ఒక ప్రయాణం. వాళ్ళిద్దరికీ రెండు గంటలు ఒక లెక్క కాదు. ఉన్నదే సమయం.

మా ఆయనకి రాత్రంతా నిద్ర లేదు. నేను పడుకున్నానని చెప్పను. సెప్టెంబరులో ఒక బుధవారం, తొమ్మిదిన్నరకి బయల్దేరారు. పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, మా పెరట్లో కుండీలో పూసిన బంతిపూలు కవర్లో. 465 తరచుగా ఉండదు కాబట్టి తిరుగు బస్సు టైములు మూడు రాసిచ్చాను, మూడోదే ఆఖరు అని అబద్ధం చెప్పాను. కింగ్‌స్టన్‌లో దిగి వాయిస్ మెసేజ్ పెట్టారు. తరవాత గంటన్నర ఏమీ లేదు. నేను మీటింగులో ఉన్నాను. ఎవరేం మాట్లాడారో ఈరోజుకీ తెలీదు.

డార్కింగ్‌లో దిగి ఎవరినో "కాటన్, కాటన్" అని అడిగారట. ఆయన మర్యాదగా బట్టల కొట్టు చూపించాడట. అప్పుడు అట్టముక్క తీసి రైగేట్ రోడ్డు శ్మశానం అని రాసింది చూపిస్తే ఒక ముసలావిడ కొంత దూరం తోడొచ్చి దారి చూపించిందట. ఒంటిగంటకి ఫోటో వచ్చింది. సమాధి రాయి, దాని మీద మా బంతిపూలు, పక్కన తెనాలి వదినగారి కొంగు. మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, "పెద్ద సమాధేం కాదే. మామూలుగా ఉంది. ధవళేశ్వరంలో గుర్రమెక్కి కూర్చున్న బొమ్మ చూసి ఏదో అనుకున్నాను" అన్నారు. నేను తీసుకెళ్ళేవాణ్ణి కదమ్మా అన్నాడు మా ఆయన. "నువ్వూ తీసుకెళ్ళు. మళ్ళీ వస్తాను" అన్నారు. ఆ తరవాతి ఆదివారం వాన లేదు, కారులో వెళ్ళొచ్చాం. దారంతా ఆవిడే చెప్పారు, ఇక్కడ బస్సు తిరుగుతుంది, అక్కడ గుర్రాలు కనపడతాయి అని.

ఊరి బయటికి వెళ్ళే మిగతా దారులు త్వరగా చెప్పేస్తాను. 60 దాటిన ఎవరైనా, ఏ దేశం వాళ్ళైనా, పాస్‌పోర్టు చూపించి సీనియర్ రెయిల్‌కార్డు కొనుక్కోవచ్చు. 2025లో ఏడాదికి 35 పౌండ్లు. రైలు టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. స్టేషన్లో సిబ్బందిని అడిగి దాన్ని మామూలు ఆయిస్టర్‌కి తగిలించుకుంటే ట్యూబులో కూడా రద్దీ లేని వేళల్లో తగ్గింపు వస్తుంది. బస్సుకి రాదు. ఆరు నెలల్లో రెండు మూడు దూర ప్రయాణాలు చేసినా దాని ఖర్చు తిరిగొస్తుంది. బాలాజీ గుడికి మనమందరం కారులోనే పోతాం కానీ యూస్టన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి రైలు గంటన్నర లోపే, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో శాండ్‌వెల్ అండ్ డడ్లీ, అక్కడ టాక్సీ. ముందుగా బుక్ చేస్తే, ఆ కార్డు ఉంటే, మోటార్‌వే మీద నలుగురం విసుక్కుంటూ పోయే పెట్రోలు కంటే మరీ ఎక్కువేం కాదు. విండ్సర్‌కి మా వైపు నుంచి 81 నంబరు ఎర్ర బస్సులో స్లౌ, అక్కడ చిన్న రైలు, ఆరేడు నిమిషాలు. బ్రైటన్‌కి రైలు గంట. అక్కడ దిగి ఈస్ట్‌బోర్న్ వెళ్ళే 12 నంబరు బస్సెక్కితే సెవెన్ సిస్టర్స్ తెల్లకొండల దగ్గర దింపుతుంది. లండన్ బయట ఇంగ్లండులో చాలా బస్సులకి 2025 నుంచి ఒక్కసారికి 3 పౌండ్లు దాటకూడదని పరిమితి ఉంది. అయితే లండన్ బయటి స్టేషన్లన్నిటిలో ఆయిస్టర్ పని చేయదు. హీత్రూ దాటి రెడింగ్ వైపు వెళ్ళే ఎలిజబెత్ లైనులో వెస్ట్ డ్రేటన్ తరవాత ఆయిస్టర్ చెల్లదు, బ్యాంకు కార్డు చెల్లుతుంది. ఇలాంటివి ముందు చూసుకోండి.

కారు గురించి ఒక్క మాటే. నడి లండన్‌లోకి కారు తీసుకెళ్తే 2003 నుంచి ఉన్న కంజెషన్ చార్జీ, పైన పార్కింగు, పైన మీ ఆయన మొహం. అక్కర్లేదు. టాక్సీ మాత్రం ఒక్కరోజు వాడండి. పద్నాలుగు గంటలు ఇల్లూ విమానమూ కలిపి ప్రయాణం చేసి, కాళ్ళు వాచి, రెండు పెట్టెల ఆవకాయతో దిగిన రోజున ట్యూబ్ ఎక్కించి పొదుపు చేసే కోడలు కాకండి.

నది మాట మర్చిపోయేదాన్ని. థేమ్స్ మీద వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి గ్రీన్‌విచ్ దాకా పడవలు తిరుగుతాయి, బస్సు కంటే బాగా ఖరీదు, పిల్లలతో ఒక్కసారికి బాగుంటుంది. వుల్విచ్ దగ్గర మాత్రం కార్లనీ మనుషుల్నీ కలిపి ఆవలి ఒడ్డుకి చేర్చే ఫెర్రీ ఒకటుంది. 1889 నుంచి నడుస్తోంది, డబ్బు తీసుకోరు. ఆ రోజు తిరుగుతోందో లేదో చూసుకుని వెళ్ళండి. హీత్రూ వైపు నుంచి అబ్బీ వుడ్ వెళ్ళే ఎలిజబెత్ లైను రైలు వుల్విచ్‌లో ఆగుతుంది. అత్తయ్యగారు రేవులో దాన్ని చూడగానే "ఓసి, ఇది పంటే కదా" అన్నారు. కోనసీమ వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళి, దిగి, మళ్ళీ ఎక్కి వచ్చారు. ఫ్రీ కదా అని ఇంకోసారి వెళ్ళారు.

చలికాలంలో వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, మూడింటికల్లా ఇంటి దారి పట్టాలని చెప్పండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, అప్పుడు మీరే వెతుక్కుంటూ వెళ్ళాలి. వీలుంటే ఏప్రిల్లో రప్పించుకోండి.

మా అత్తయ్యగారు అక్టోబరులో వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయిస్టర్ కార్డు ఇచ్చేస్తారేమోనని అడిగాను. ఇవ్వలేదు. అందులో ఇంకా నాలుగు పౌండ్లు చిల్లర ఉన్నాయట, గడువు లేదని నేనే చెప్పానట. ఇప్పుడది అమలాపురంలో ఆవిడ చేతిసంచీలో, ఫ్రీ బస్సుకి చూపించే ఆధార్ కార్డు పక్కన ఉంది. మొన్న ఫోన్లో అడిగారు, ఈ ఏడు 465 నంబరు ఏమైనా మార్చారా అని.